అనంతపురం నుంచి చిప్ కంపెనీ ఇంటర్వ్యూకు: మూడు నెలల సన్నాహం

అనంతపురం జేఎన్‌టీయూలోనో, కర్నూలు జి.పుల్లారెడ్డి కాలేజీలోనో, కడప కేఎస్‌ఆర్‌ఎంలోనో ఈసీఈ చదివే పిల్లలు సెలవుల్లో కలిసినప్పుడు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, చిప్ కంపెనీ ఇంటర్వ్యూకు ఏమేమి చదవాలి?" నిజానికి చదవాల్సినవి వాళ్లు చాలావరకు చదివే ఉంటారు. మార్కులూ బాగానే ఉంటాయి. తెల్ల కాగితం ముందు పెట్టి, ఫ్లిప్‌ఫ్లాప్ (క్లాక్ అంచు వచ్చినప్పుడు ఒక్క బిట్టును పట్టి ఉంచే సర్క్యూట్) బొమ్మ గీసి అది ఎలా పనిచేస్తుందో చెప్పమంటే మాత్రం మూడో వాక్యం దగ్గర ఆగిపోతారు. ఇంటర్వ్యూ అసలు మొదలయ్యేది ఆ మూడో వాక్యం తర్వాతే. అందుకే ఇక్కడ ప్రతి అడుగుకూ ఒకటే కొలత పెట్టుకున్నాను: కాగితం మీద గీయగలరా, గీసినదాన్ని నోటితో చెప్పగలరా?

నేను అనంతపురంలో చదివి బెంగళూరులో వెరిఫికేషన్ (చిప్ డిజైన్‌లో తప్పులు వెతికే) పనిలో చేరినవాణ్ని. కొన్నేళ్లుగా బల్లకు అవతలి వైపు కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను కూడా. మూడు నెలలు, రోజుకు మూడు గంటలు కేటాయించగలిగితే కింద చెప్పినదంతా చేయవచ్చు.

మొదటి అడుగు: ఏ పనికి వెళ్తున్నారో తేల్చుకోండి

"చిప్ డిజైన్ ఉద్యోగం" అని ఒకే మాటలో అంటాం కానీ అందులో కనీసం ఆరు రకాల పనులున్నాయి. ఆర్‌టీఎల్ డిజైన్ చేసేవారు వెరిలాగ్ అనే హార్డ్‌వేర్ భాషలో సర్క్యూట్ రాస్తారు. వెరిఫికేషన్ వారు అందులో తప్పులు వెతుకుతారు. ఫిజికల్ డిజైన్ వారు గేట్లను సిలికాన్ మీద ఎక్కడ అమర్చాలో, తీగలు ఎలా నడపాలో చూస్తారు. తయారైన చిప్‌ను పరీక్షించేందుకు వీలుగా లోపల స్కాన్ చెయిన్లు పెట్టే పని డీఎఫ్‌టీది. అనలాగ్ డిజైన్, లేఅవుట్ వేరే లోకం. ఇవన్నీ దాటాక ఫ్యాబ్ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ), ప్యాకేజింగ్ (తయారైన చిప్‌కు తొడుగు, కాళ్లు అమర్చే పని) ఉద్యోగాలున్నాయి.

రెజ్యూమేలో ఆరూ రాసుకుని వచ్చేవారు ఆరింటిలోనూ పైపైనే ఆగిపోతారు. ఒకటి ఎంచుకోండి, దానికి పక్కనే ఉన్న రెండోది కొద్దిగా తెలిసి ఉండాలి. ప్రోగ్రామింగ్ ఇష్టమైతే వెరిఫికేషన్ వైపు రండి. ఒక చిప్ ప్రాజెక్టులో ఎక్కువ మంది పనిచేసేది అక్కడే కాబట్టి కొత్తవారికి అవకాశాలూ అక్కడే ఎక్కువ. లెక్కలు, లైనక్స్, టీసీఎల్ స్క్రిప్టులు చేతికి అలవాటైతే ఫిజికల్ డిజైన్. ట్రాన్సిస్టర్ అంటే ప్రాణమైతే అనలాగ్, కానీ అందులో ఎంటెక్ చేసినవారితో పోటీ పడాల్సి ఉంటుందని ముందే తెలుసుకోండి.

పేరున్న పెద్ద కంపెనీలే కాకుండా వాటికి ఇంజనీర్లను సమకూర్చే డిజైన్ సర్వీస్ కంపెనీలు బెంగళూరులో, హైదరాబాదులో చాలా ఉన్నాయి. క్యాంపస్‌కు పెద్ద కంపెనీలు రాని కాలేజీల పిల్లలకు అదే దగ్గరి దారి. దాన్ని చిన్నచూపు చూడవద్దు. అయితే చేరేటప్పుడు బాండు ఎన్నేళ్లకో, ఎంత మొత్తానికో చదివి సంతకం చేయండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారి దగ్గరికి అసలు వెళ్లవద్దు.

రెండో అడుగు: పునాదిని చేత్తో రాసి చూసుకోండి

మొదటి నెల కొత్త విషయాల జోలికి పోకండి. డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సీమాస్ (పీమాస్, ఎన్‌మాస్ అనే రెండు రకాల ట్రాన్సిస్టర్లను జతగా వాడే పద్ధతి) ప్రాథమికాలు చాలు. సీమాస్ ఇన్వర్టర్‌తో మొదలుపెట్టండి. పైన పీమాస్, కింద ఎన్‌మాస్ గీయండి. పీమాస్‌ను వెడల్పుగా ఎందుకు పెడతారు? పీమాస్‌లో కరెంటును మోసే హోల్స్ కదలిక, ఎన్‌మాస్‌లో మోసే ఎలక్ట్రాన్ల కన్నా నెమ్మది కాబట్టి. దీని నుంచే తరువాతి ప్రశ్న పుడుతుంది: నార్ గేటు కన్నా నాండ్ గేటునే ఎందుకు ఇష్టపడతారు? నార్‌లో ఆ నెమ్మది పీమాస్‌లే ఒకదాని వెనక ఒకటి వరుసలో వస్తాయి. వేగం తగ్గకుండా ఉండాలంటే వాటిని ఇంకా వెడల్పు చేయాలి, స్థలం పెరిగిపోతుంది. ఒక జవాబు నుంచి ఇంకో జవాబు ఇలా రావాలి. విడివిడిగా బట్టీ పట్టిన జవాబులను ఇంటర్వ్యూ చేసేవారు రెండు నిమిషాల్లో పసిగడతారు.

విద్యుత్ ఖర్చు గురించి తప్పకుండా అడుగుతారు. స్విచింగ్ వల్ల అయ్యే ఖర్చు కెపాసిటెన్స్‌కు, ఫ్రీక్వెన్సీకి, వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజీని 1 నుంచి 0.8కి తగ్గిస్తే ఖర్చు 0.64 వంతుకు, అంటే 36 శాతం తగ్గుతుంది. మరి వోల్టేజీని అలా తగ్గిస్తూనే పోవచ్చు కదా? గేట్లు నెమ్మదిస్తాయి, టైమింగ్ దెబ్బతింటుంది. అలా మాట సెటప్, హోల్డ్ దగ్గరికి చేరుతుంది.

మూడో అడుగు: టైమింగ్ దగ్గర పది రోజులు ఆగండి

ఏ పనికి వెళ్లినా ఈ ప్రశ్న తప్పదు. అందుకే ఇక్కడ తొందర వద్దని చెబుతున్నాను.

పాతకాలం ఫోటో స్టూడియోను తలచుకోండి. ఫోటో తీసేవారు "కదలకండి" అంటారు. ఫ్లాష్ వెలగడానికి కాస్త ముందు నుంచి కదలకుండా ఉండాలి, వెలిగాక కూడా ఒక్క క్షణం ఆగాలి. ముందు ఆగాల్సిన సమయం సెటప్, తర్వాత ఆగాల్సిన సమయం హోల్డ్. ఫ్లాష్ అంటే క్లాక్ అంచు, మనిషి అంటే డేటా. కదిలితే ఫోటో మసకబారినట్టే ఫ్లిప్‌ఫ్లాప్ 0కీ 1కీ మధ్య తేలకుండా ఊగిసలాడవచ్చు. దాన్నే మెటాస్టెబిలిటీ అంటారు.

ఇప్పుడు లెక్క. రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు, మధ్యలో కొన్ని గేట్లు గీయండి. క్లాక్ వచ్చాక మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి డేటా బయటకు రావడానికి 100 పికోసెకండ్లు. మధ్య గేట్లకు ఎక్కువలో ఎక్కువ 700. రెండోదానికి సెటప్ 50. మొత్తం 850 పికోసెకండ్లు. క్లాక్ కాలం ఇంతకన్నా తక్కువ ఉండకూడదు, అంటే గరిష్ఠ వేగం సుమారు 1.18 గిగాహెర్ట్జ్. రెండో ఫ్లిప్‌ఫ్లాప్‌కు క్లాక్ 50 పికోసెకండ్లు ఆలస్యంగా చేరితే? డేటాకు అంత సమయం అదనంగా దొరికింది. 800 చాలు, వేగం 1.25 గిగాహెర్ట్జ్‌కు పెరుగుతుంది.

"అయితే ఆలస్యం మంచిదే కదా?" అని అడుగుతారు. ఇక్కడ చాలామంది అవునని తలూపుతారు. అదే చిప్‌లో రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల మధ్య గేట్లే లేని చోటు ఒకటి తీసుకోండి. మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి కొత్త డేటా 100 పికోసెకండ్లకే రెండోదాన్ని చేరుతుంది. హోల్డ్ 40, క్లాక్ ఆలస్యం 50 అనుకుంటే పాత డేటా కనీసం 90 పికోసెకండ్ల దాకా కదలకుండా ఉండాలి. 10 మిగిలింది, గట్టెక్కాం. ఆలస్యం 80 అయితే? 120 కావాలి, మన దగ్గర ఉన్నది 100. హోల్డ్ తప్పింది. మందు ఏమిటి? డేటా దారిలో బఫర్లు పెట్టి కనీసం 20 పికోసెకండ్లు ఆలస్యం చేయడం.

చివరగా అడిగేది ఇది: "చిప్ తయారై వచ్చేసింది. సెటప్ తప్పితే నయమా, హోల్డ్ తప్పితే నయమా?" సెటప్ తప్పితే క్లాక్ వేగం తగ్గించి చిప్‌ను నడిపించుకోవచ్చు. హోల్డ్ లెక్కలో క్లాక్ కాలమే లేదు, కాబట్టి వేగం ఎంత తగ్గించినా ప్రయోజనం ఉండదు. ఈ ఒక్క జవాబును కారణంతో సహా స్పష్టంగా చెప్పిన అభ్యర్థిని చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ తర్వాత ప్రశ్నలు కఠినంగా అడిగినా, అడిగే గొంతు మారిపోతుంది.

రెండు వేర్వేరు క్లాక్‌ల మధ్య డేటా పంపడం దీనికి కొనసాగింపు. ఒక్క బిట్టు అయితే రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల సింక్రనైజర్ చాలు. ఎక్కువ బిట్లు అయితే ఎసింక్రనస్ ఫిఫో (ముందు వచ్చిన డేటా ముందు బయటకు వెళ్లే తాత్కాలిక నిల్వ) లాంటిది కావాలి. ఫిఫో ఎంత లోతు ఉండాలన్నది పాతబడని ప్రశ్న. దీనికి కర్నూలు మార్కెట్ యార్డుకు వెళ్దాం. లారీలో 80 ఉల్లి మూటలున్నాయి. దించేవారు నిమిషానికి 10 దించుతారు, గోదాములోకి మోసేవారు నిమిషానికి 6 మోస్తారు. 8 నిమిషాల్లో లారీ ఖాళీ అవుతుంది, అప్పటికి 48 మూటలు లోపలికి చేరతాయి. మిగిలిన 32 మూటలకు అరుగు మీద చోటుండాలి. అలాగే 80 పదాల డేటా ఆగకుండా వస్తోంది, రాసే క్లాక్ 100 మెగాహెర్ట్జ్, చదివే క్లాక్ 60 మెగాహెర్ట్జ్. రాయడానికి 800 నానోసెకండ్లు, ఆలోగా చదివేవి 48, కావాల్సిన లోతు 32. సింక్రనైజర్ల ఆలస్యం కోసం ఇంకొన్ని గడులు కలపాలని మీరే ముందుగా చెప్పండి. పాయింటర్లను (ఎక్కడ రాయాలో, ఎక్కడ చదవాలో చూపే అంకెలను) గ్రే కోడ్‌లో ఎందుకు దాటిస్తారని అడిగితే, ఒక్కో అడుగుకు ఒక్క బిట్టే మారుతుంది కాబట్టి అవతలి వైపు పాత విలువో కొత్త విలువో తప్ప మూడోది కనిపించదని చెప్పాలి.

నాలుగో అడుగు: వెరిలాగ్ రాయండి, నడిపి చూడండి

లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్ లేదని కూర్చోవద్దు. ఐకారస్ వెరిలాగ్, వేవ్‌ఫామ్ చూసేందుకు జీటీకేవేవ్, సింథసిస్‌కు (వెరిలాగ్ కోడును గేట్లుగా మార్చడానికి) యోసిస్, ఆ పైన ఫిజికల్ డిజైన్‌కు ఓపెన్‌రోడ్ అన్నీ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. స్కైవాటర్ కంపెనీ 130 నానోమీటర్ల ప్రాసెస్ వివరాలు కూడా 2020 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. ల్యాప్‌టాప్ లేనివారు బ్రౌజరులో ఈడీఏ ప్లేగ్రౌండ్ వాడుకోవచ్చు. వెరిలాగ్ సాధనకు హెచ్‌డీఎల్‌బిట్స్ వెబ్‌సైట్‌లోని లెక్కలన్నీ చేయండి. కేంద్ర ప్రభుత్వ చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం కింద కొన్ని కాలేజీలకు పెద్ద కంపెనీల ఈడీఏ (చిప్ డిజైన్) సాఫ్ట్‌వేర్ అందుతోంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందేమో మీ విభాగాధిపతిని అడగండి.

చేతితో రాయమనేవి ఎక్కువగా చిన్నవే: సీక్వెన్స్ డిటెక్టర్, మూడుతో భాగించే క్లాక్, రౌండ్ రాబిన్ ఆర్బిటర్. చిన్న వాటిలోనే మెలికలుంటాయి. క్లాక్ అంచు మీద నడిచే బ్లాకులో "ఏ = బి; బి = ఏ;" అని రాస్తే రెండింటికీ బి పాత విలువే వస్తుంది. అదే "<=" వాడితే రెండూ విలువలు మార్చుకుంటాయి. ఎందుకో చెప్పగలగాలి. కాంబినేషనల్ బ్లాకులో ఇఫ్ రాసి ఎల్స్ వదిలేస్తే లాచ్ (పాత విలువను పట్టి ఉంచే సర్క్యూట్) ఎందుకు పుడుతుందో కూడా అంతే. కోడు రాయడానికి ముందు స్టేట్ డయాగ్రామ్ గీయండి. నేను మార్కులు వేసేది సగం ఆ బొమ్మకే.

వెరిఫికేషన్‌కు వెళ్లేవారికి దీనిపైన సిస్టమ్ వెరిలాగ్, యూవీఎం (పరీక్ష కోడును ఒక పద్ధతిలో అమర్చే చట్రం), అసర్షన్లు (డిజైన్ తప్పకూడని షరతులు), కవరేజీ (ఎంతవరకు పరీక్షించామన్న కొలత) కావాలి. ఒక ప్రశ్న చెబుతాను. కోడ్ కవరేజీ 100 శాతం, ఫంక్షనల్ కవరేజీ 70 శాతం వచ్చాయంటే అర్థం ఏమిటి? ప్రతి పంక్తీ నడిచింది కానీ మనం పరీక్షించాలనుకున్న సందర్భాలన్నీ రాలేదు. తారుమారైతే? ఎప్పటికీ వాడని కోడైనా ఉండాలి, లేదా మన పరీక్ష ప్రణాళికలోనే ఏదో మరిచిపోయి ఉండాలి.

ఐదో అడుగు: ఒక్క ప్రాజెక్టు, అడుగంటా

ఇది నాకు నొప్పి కలిగించే విషయం. చివరి సంవత్సరం ప్రాజెక్టును మేం నలుగురం డబ్బులు వేసుకుని ఒక దుకాణంలో కొన్నాం. బైండింగ్ చేసిన రిపోర్టు, సీడీ, వైవాకు చెప్పాల్సిన పది జవాబులు ఇచ్చారు. ఏహెచ్‌బీ బస్ (చిప్ లోపలి భాగాలు డేటా పంపుకునే దారి) మీద ప్రాజెక్టు. మార్కులు వచ్చాయి, దాన్నే రెజ్యూమేలో మొదటి పంక్తిగా పెట్టుకున్నాను. బెంగళూరులో మొదటి ఇంటర్వ్యూలో ప్రశ్నలు అడిగే ఆయన కలం నా చేతికిచ్చి, "హెచ్‌రెడీ రెండు క్లాక్‌లు 0గా ఉంటే వేవ్‌ఫామ్ గీయండి" అన్నారు. క్లాక్ గీతలు గీసి ఆగిపోయాను. ఆయన కోప్పడలేదు, నీళ్ల గ్లాసు జరిపి వేరే ప్రశ్నకు వెళ్లారు. అప్పటికే అంతా అయిపోయిందని నాకు తెలుసు.

హెచ్‌రెడీ (అవతలి భాగం సిద్ధంగా ఉందని చెప్పే సంకేతం) 0గా ఉన్నంతసేపూ డేటా దశ పొడవు పెరుగుతుంది. మాస్టర్ (బస్ మీద పని మొదలుపెట్టే భాగం) తరువాతి చిరునామానూ, రాస్తున్న డేటానూ మార్చకుండా అలాగే పట్టుకుని ఉండాలి. రెండు వాక్యాల విషయం. సొంతంగా చేసి ఉంటే నిద్రలో లేపినా చెప్పేవాణ్ని.

కాబట్టి చిన్నదైనా సొంతంగా చేయండి. యూఆర్ట్ (డేటాను ఒక్కో బిట్టుగా పంపి, అందుకునే సర్క్యూట్) చాలు. ఎంత లోతుకు పోవచ్చో చూడండి. మీ క్లాక్ 50 మెగాహెర్ట్జ్, కావాల్సిన వేగం సెకనుకు 1,15,200 బిట్లు, ఒక్కో బిట్టును 16 భాగాలు చేసి మధ్యలో చదువుతారు. 50 మెగాహెర్ట్జ్‌ను 1,15,200 × 16తో భాగిస్తే 27.13 వస్తుంది. 27 తీసుకుంటారు. అప్పుడు అసలు వేగం సుమారు 1,15,741, తేడా 0.47 శాతం. ఈ తేడాతో చివరి బిట్టు తప్పుగా చదువుతారా? ప్రతి అక్షరం మొదట్లో స్టార్ట్ బిట్టు దగ్గర లెక్క మళ్లీ మొదలవుతుంది కాబట్టి పదో బిట్టు దగ్గరికి చేరేసరికి పక్కకు జరిగేది ఒక బిట్టులో 5 శాతం లోపే. మధ్య నుంచి అంచుకు 50 శాతం దూరం ఉంది, భయం లేదు. ఈ లెక్క ఒక్కటి రెజ్యూమేలోని ప్రాజెక్టు పంక్తి పక్కన మీ మనసులో ఉంటే పదిహేను నిమిషాల ఇంటర్వ్యూ మీ చేతిలో ఉన్నట్టే.

మీకు ఎదురైన ఒక బగ్‌ను గుర్తుపెట్టుకోండి: ఎలా కనిపించింది, మొదట దేన్ని అనుమానించారు, చివరికి ఎక్కడ దొరికింది. తప్పకుండా అడుగుతారు. రెజ్యూమే ఒక్క పేజీ దాటనివ్వకండి. గీయలేని మాటను అందులోంచి కొట్టేయండి.

ఫ్యాబ్, ప్యాకేజింగ్ వైపు వెళ్లేవారికి

గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్, ధొలేరాలో టాటా, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా ప్యాకేజింగ్ ప్లాంటు పనులు మొదలయ్యాక మెకానికల్, కెమికల్, మెటలర్జీ, ఎంఎస్సీ ఫిజిక్స్ చదివినవారికీ ఈ రంగంలో చోటు ఏర్పడింది. ఇక్కడ వెరిలాగ్ అడగరు. వేఫర్ (పలుచని సిలికాన్ బిళ్ల) మీద ఆక్సైడ్ పెంచడం, ఫోటోలిథోగ్రఫీ, ఎచింగ్, అయాన్ ఇంప్లాంటేషన్, లోహపు పొరలు వేయడం ఏ వరుసలో జరుగుతాయో, ప్యాకేజింగ్‌లో డైసింగ్, డై అటాచ్, వైర్ బాండింగ్, మోల్డింగ్, టెస్టింగ్ ఎలా నడుస్తాయో చెప్పాలి. కంట్రోల్ చార్టు (కొలతలను చుక్కలుగా, పైకింది హద్దులతో చూపే గ్రాఫు) చూపించి "ఈ యంత్రంలో ఏదో జరుగుతోందని మీకెప్పుడు అనుమానం వస్తుంది?" అని అడుగుతారు. చుక్క హద్దు దాటితేనే అనకండి. హద్దు లోపలే ఉన్నా చుక్కలు వరుసగా ఒకే వైపుకు పోతుంటే అప్పుడే కదలాలి. రాత్రి షిఫ్టులకు సిద్ధమేనా అని కూడా అడుగుతారు. ఇంట్లో మాట్లాడుకుని వెళ్లండి.

ఆరో అడుగు: నోరు తిరగాలి

చివరి మూడు వారాలు చదువు తగ్గించి మాట పెంచండి. రోజూ ఒక ప్రశ్న తీసుకుని, గది తలుపు వేసుకుని, పలక మీదో కాగితం మీదో గీస్తూ బిగ్గరగా చెప్పండి. మొదట తెలుగులోనే చెప్పండి. తెలుగులో తడబడితే అది ఇంగ్లిష్ సమస్య కాదు, విషయం ఇంకా పట్టుబడలేదని అర్థం. తెలుగులో సాఫీగా వచ్చాక అదే జవాబును చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి మార్చండి. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. పల్లెల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు వ్యాకరణం తప్పుతుందేమోనని నోరు మూసుకుంటారు. ఇంజనీరింగ్ ఇంటర్వ్యూలో వ్యాకరణానికి మార్కులు తగ్గించే మనిషిని నేను చూడలేదు. మౌనానికి మాత్రం తగ్గిస్తారు, ఎందుకంటే లోపల ఏమి ఆలోచిస్తున్నారో అవతలివారికి తెలియదు.

ఇద్దరు స్నేహితులు కలిసి వారానికి రెండుసార్లు మాక్ ఇంటర్వ్యూ పెట్టుకోండి. అడిగేవారు ప్రతి జవాబుకూ "ఎందుకు?" అని మూడుసార్లు అడగాలి. అదే నియమం.

ముందు రోజు, ఆ రోజు

అనంతపురం నుంచి బెంగళూరుకు బస్సులో నాలుగైదు గంటలే. ఉదయమే వెళ్లి చేరవచ్చనుకుని ప్రమాదం తెచ్చుకోవద్దు. బెంగళూరు లోపలికి వచ్చాక ట్రాఫిక్‌లోనే రెండు గంటలు పోవచ్చు. కర్నూలు నుంచి హైదరాబాదుకైనా అంతే. ముందు రోజు సాయంత్రానికే చేరి తెలిసినవారి గదిలో పడుకోండి. కడప నుంచి రాత్రి బస్సులో వచ్చేవారు స్నానానికీ, టిఫినుకూ రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే కరెంటు పోయినా ఫోను డేటాతో కొనసాగించేలా ముందే ఏర్పాటు చేసుకోండి. గీయడానికి తెల్ల కాగితాలు, నల్ల స్కెచ్ పెన్ను దగ్గర ఉంచుకోండి.

గదిలో ప్రశ్న వినగానే జవాబు మొదలుపెట్టవద్దు. ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పి, ఏమేమి ఊహించుకోవచ్చో అడగండి: రీసెట్ సింక్రనసా, ఎసింక్రనసా? రెండు క్లాక్‌ల మధ్య సంబంధం ఉందా? రాని ప్రశ్నకు "ఇది నాకు తెలియదు, కానీ ఇంతవరకు ఇలా ఆలోచించగలను" అని చెప్పి ఆలోచన మొదలుపెట్టండి. వారు సూచన ఇస్తే పట్టుకోండి. సూచన అందుకున్నాక ఎంత దూరం వెళ్తారన్నది కూడా కొలుస్తారు. బ్యాక్‌లాగులుంటే, మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే దాచవద్దు. ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యంలో, ఆ తర్వాత ఏమి చేశారో రెండు వాక్యాల్లో చెప్పండి.

బయటికి రాగానే ఇంటికి ఫోను చేసేముందు నోటుబుక్కు తీయండి. అడిగిన ప్రశ్నలన్నీ వరుసగా ఎడమ పేజీలో రాయండి, సగం చెప్పినవాటి పక్కన చుక్క పెట్టండి. బస్సు హిందూపురం దారి మలుపు దాటేలోపు చాలావరకు మరిచిపోతారు. ఇంటికి వచ్చాక చుక్క పెట్టిన ప్రతి ప్రశ్నకూ కుడి పేజీలో బొమ్మతో సహా జవాబు రాసి, తరువాతి ఇంటర్వ్యూకు బయల్దేరే ముందు రోజు ఆ పేజీలు మాత్రమే చూడండి.